అధ్యక్షుణ్ణి వదలని కుర్చీ

ఆ ఉదయం కుర్చీలాయన వేసుకున్న ప్లానులో తిరకాసేమీ లేదు. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఎంపిక సంఘం వాళ్ళు వస్తే ఊగుడు కుర్చీ చూపించాలి, వాళ్ళు ఆహా అంటే వినయంగా తల వంచుకోవాలి. ఇందులో తల వంచుకోవడం ఒక్కటే ఆయనకి బొత్తిగా అలవాటు లేని పని. అందుకని కొన్నాళ్ళుగా దాన్ని అద్దం ముందు సాధన చేస్తున్నాడు.

ఆయన పేముతో కుర్చీలు చేస్తాడు. తండ్రీ అదే చేశాడు, తాతా అదే చేశాడు. వీధిలో అందరూ కుర్చీలాయన అనే పిలుస్తారు కాబట్టి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. పేము కర్రకి సెగ చూపించి, మోకాలికి ఆనించి వంచాడంటే అది ఆయన చెప్పిన చోట ఆగుతుంది. "పేము నా మాట వింటుందండీ" అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. ఇంట్లో మరెవరూ వినరన్నది అందులోని అంతరార్థం.

చేతిపనుల్లో ఆరితేరినవాళ్ళని ఏటేటా ఎంచి సన్మానించే సంఘం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. ఈ ఏడు వాళ్ళ దృష్టి కుర్చీలాయన చేసిన ఊగుడు కుర్చీ మీద పడింది. సంఘం నుంచి ఫోను చేసి "అది ఎవరు చేశారండీ?" అని అడిగితే ఆయన తడుముకోకుండా "నేనేనండీ" అన్నాడు. అబద్ధం అనడానికి వీల్లేదు. చట్రం ఆయనదే. కాళ్ళు, చేతులు, అడుగున ఊగే వంపు బద్దలు, అన్నీ ఆయన వంచినవే. కాకపోతే కూర్చునే చోటా వీపు ఆనించే చోటా ఉన్న అల్లిక మాత్రం ఆయన భార్యది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ఇంట్లో చట్రం ఆయనది, అల్లిక ఆవిడది. సన్నటి పేము పట్టీలు నీళ్ళలో నానబెట్టి, చట్రం అంచున ఉన్న కన్నాల్లోంచి లాగి, పట్టీల మధ్య ఎనిమిది మూలల కళ్ళు పడేట్టు ఆవిడ అల్లిందంటే, వేలితో మీటితే డోలులా మోగుతుంది. ఫోనులో ఇంత పురాణం ఎందుకులే అనుకున్నాడు కుర్చీలాయన. వంటింట్లో ఉన్న ఆవిడ చెవిన మాత్రం ఆ "నేనేనండీ" పడనే పడింది. గిన్నెల చప్పుడు కాస్త పెరిగింది, అంతే.

ఆవిడకి ఒక తమ్ముడున్నాడు. అతను ఏం పని చేస్తాడో చెప్పడం కష్టం. కొన్నాళ్ళు ఫోటో స్టూడియోలో మనుషుల వెనక తెరలు మార్చే పని చేశాడు. అప్పటి నుంచీ లోకంలో ఎవర్ని చూసినా వెనక తెర సరిగ్గా లేదనిపిస్తుంది అతనికి. పిలవకపోయినా ఆ పొద్దున్నే ఊడిపడి, గుమ్మంలోనే గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

"బావా! గడ్డం గీసేశావా? కొంప ముంచావు కదయ్యా!"

"ఏమైందిరా?"

"తరతరాల కళాకారుడంటే గడ్డం ఉండొద్దూ? ఇప్పుడు నిన్ను చూస్తే బ్యాంకులో చెక్కుల మీద ముద్రలేసేవాడిలా ఉన్నావు."

గీసేసిన గడ్డాన్ని మళ్ళీ అతికించలేరు గనక బావమరిది కళ్ళు గది మీద పడ్డాయి. మొదట పైకి చూశాడు. "పాతకాలపు పనిశాలలో ఫ్యానేంటి బావా? వాళ్ళొచ్చి ఇది ఫ్యాక్టరీ అనుకుంటారు." ఫ్యాను దిగింది. దాని వెంట ట్యూబులైటూ దిగింది. బయట మబ్బు పట్టి చిన్నగా జల్లు పడుతోంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటేలా ఉంది. "చూశావా, ఎంత గంభీరంగా ఉందో!" అన్నాడు బావమరిది. గంభీరం మాట ఎలా ఉన్నా, స్టూలు కాలికి తగిలి కుర్చీలాయన రెండుసార్లు తూలాడు.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీల వంతు వచ్చింది. ఊరందరికీ పేము కుర్చీలు చేసే ఆ ఇంట్లో, ఇంటిల్లిపాదీ కూర్చునేది ప్లాస్టిక్ కుర్చీల మీదే. చేసిన కుర్చీ చేసినట్టే అమ్ముడుపోతుంది, మిగిలిందల్లా ఈ ఎరుపూ నీలం రంగుల సామానే. ఇవి ఎంపిక సంఘం కంటపడితే అంతకన్నా అప్రతిష్ఠ ఇంకోటి లేదని బావాబావమరుదులు ఇద్దరూ ఒప్పుకున్నారు. వాటిని ఒకదాంట్లో ఒకటి దోపి, ఎదురుగా ఉన్న సెలూన్‌లోకి చేరవేశారు. సెలూన్ ఆయన ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఊళ్ళో కబుర్లకి ఆయన దుకాణమే కూడలి. అడక్కుండానే అన్నీ తెలుస్తాయని ఆయనకి నమ్మకం.

సరిగ్గా అప్పుడే కుర్చీలాయన భార్య కొత్త బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని గదిలోకి వచ్చింది. "నన్నెక్కడ నిలబడమంటారు?" అని అడిగింది.

బావమరిది ఇబ్బందిగా నవ్వాడు. "అక్కా, నువ్వేమీ అనుకోకు. కళాకారుడంటే ఒంటరివాడు. కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని, మొహం మీద సగం వెలుగూ సగం నీడా పడుతుంటే ఆ అందమే వేరు. పక్కన నువ్వు నిలబడ్డావనుకో, అది సంసారంలా కనిపిస్తుంది."

ఆవిడ మొగుడి వైపు చూసింది. కుర్చీలాయన ఊగుడు కుర్చీ కాలు వైపు చూశాడు. ఆ కాలు అంత ముచ్చటగా ఉందని ఆయనకి అంతకు ముందెప్పుడూ తోచలేదు.

"కాసేపే కదా..." అన్నాడు చివరికి.

"సరే," అంది ఆవిడ.

కాపురం చేసిన ఏ మగాడైనా ఆ 'సరే' వినగానే చేస్తున్న పని ఆపి చేతులు జోడించాలి. కుర్చీలాయన ఆ రోజు ఏ లోకంలో ఉన్నాడో, 'అమ్మయ్య, ఒప్పుకుంది' అనుకున్నాడు. ఆవిడ మిగిలిన ఒక్క ప్లాస్టిక్ కుర్చీని తనే ఎత్తుకుని, తల ఎత్తుకుని, వీధి దాటి సెలూన్‌లోకి వెళ్ళింది.

కుర్చీలాయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు. బావమరిది ఊగుడు కుర్చీ చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. కళ్ళు చికిలించి చూశాడు. ఆ మసక వెలుతురులో మెరుపు చాల్లేదనిపించింది. ట్యూబులైటు తీసేసింది తనేనన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు. అటక మీద ఒక వార్నిష్ డబ్బా కనిపించింది. అది ఎంతకీ ఆరని సరుకని, పారెయ్యడానికని పక్కన పెట్టిన డబ్బా. మూత తీస్తే లోపల పాకంలా చిక్కగా ఉంది. "ఇదీ సరుకంటే!" అని మురిసిపోయి, కూర్చునే చోటా వీపు ఆనే చోటా దిట్టంగా పట్టించాడు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన కుర్చీలాయన ముక్కు ఎగబీల్చాడు. "వాసనేంట్రా?"

"పాతకాలపు వాసన బావా. అది లేకపోతే సంప్రదాయం అనిపించదు."

అంతలో గుమ్మం ముందు కారు ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకాయన సంఘానికి అధ్యక్షుడు. నిలువునా అడ్డంగా భారీ మనిషి, మీగడ రంగు కోటు, అదే రంగు ప్యాంటు. మాట్లాడమని ఎవరైనా అడుగుతారేమోనని చూసే రకం కాదు, అడక్కముందే మొదలుపెట్టే రకం. ఆయన వెనకే సన్నగా, పొట్టిగా ఉన్న సభ్యురాలు. ఆవిడకి కళ్ళద్దాలున్నాయి, చేతిలో భూతద్దం కూడా ఉంది. ఆవిడ మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ.

"వెలుతురు తక్కువగా ఉందే," అన్నాడు అధ్యక్షుడు.

"కళకి చీకటే వెలుగు సార్," అన్నాడు బావమరిది. దాని అర్థం చెప్పినవాడికే తెలియదు గనక వినేవాళ్ళు గౌరవంగా తలాడించారు.

అధ్యక్షుడు కూర్చోవడానికి చుట్టూ చూశాడు. గదిలో కూర్చోదగ్గది ఒక్కటే ఉంది. "ఇందులో కూర్చోవచ్చా?"

"మీరు కూర్చుంటే కుర్చీకే గౌరవం సార్," అని కుర్చీలాయన సాధన చేసిన పద్ధతిలో తల వంచాడు. వంచడంలో కాస్త ఆలస్యం చేసి ఉంటే కుర్చీ మీద తడి కనిపించేదేమో. అధ్యక్షుడు తన బరువంతా అందులోకి దించి, వెనక్కి వాలాడు. ఎక్కడో చిన్నగా 'పిచిక్' మంది. ఎవరూ పట్టించుకోలేదు.

ఊగుతూ అధ్యక్షుడు ఉపన్యాసం అందుకున్నాడు. యంత్రం చేసిన వస్తువుకి ప్రాణం ఉండదన్నాడు. చేతిపనిలో మనిషి చేతి వెచ్చదనం ఉంటుందన్నాడు. "నిజమైన కళకి ఒక లక్షణం ఉందయ్యా," అని వేలు పైకెత్తాడు. "ఒక్కసారి మనిషిని పట్టుకుందంటే, ఇక వదలదు!"

ఆ మాట మీద గంభీరంగా లేవబోయాడు. కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. అడుగున వంపు బద్దలుండటంతో అది వెనక్కి ఊగి ఆయన్ని మళ్ళీ కూలేసింది. అధ్యక్షుడి మొహంలో ఒక రంగు వచ్చింది, ఒక రంగు పోయింది. ఏం జరిగిందో ఆయనకి అర్థమైంది. కానీ పదిమందిలో పెద్దమనిషి అనిపించుకున్నాక, 'నేను అతుక్కుపోయాను' అని నోరు విడిచి చెప్పడం అంత తేలికా?

"హాయిగా ఉంది," అన్నాడు. "ఇంకాసేపు కూర్చుంటాను."

బావమరిది బావ చెవిలో గుసగుసలాడాడు. "పడిపోయాడు బావా, కుర్చీకి పడిపోయాడు! అవార్డు మనదే."

కుర్చీలాయన గుండె పొంగింది. అధ్యక్షుడు మరోసారి, ఈసారి ఎవరూ చూడకుండా, చేతుల మీద బరువు మోపి పక్కకి ఒరిగి చూశాడు. కుర్చీ కిర్రుమంది గానీ వదల్లేదు. "ఆహా, ఎంత గట్టి పని!" అన్నాడు ఆయన పళ్ళ బిగువున. అది మెచ్చుకోలనుకుని కుర్చీలాయన మళ్ళీ తల వంచాడు. ఆయన ఎంత గింజుకుంటే ఇక్కడ వీళ్ళ ఆశ అంత పెరిగింది.

సభ్యురాలు గడియారం చూసుకుంది. "పక్కవీధిలో దువ్వెనలు చేసే ఆయన ఎదురు చూస్తుంటాడండీ. వెళ్దామా?"

"మీరు వెళ్ళి రండి. నేను ఇక్కడే ఉంటాను."

"దువ్వెనల పని మీరే చూడాలన్నారు కదా."

"నాకు దువ్వెనలతో పనేముంది?" అన్నాడాయన. తల మీద వెంట్రుకలు పలచబడిన మనిషి కావడంతో ఆ మాట సబబుగానే తోచింది. సభ్యురాలు మాత్రం కళ్ళద్దాల మీంచి ఆయన్ని ఎగాదిగా చూసింది. దగ్గరికి వచ్చి, వంగి, కుర్చీ వీపు అంచున అల్లికని వేలితో తాకి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మీరు లేవరా, లేవలేరా?" అంది.

అధ్యక్షుడు కళ్ళు మూసుకుని, "లేవలేను," అన్నాడు.

అక్కడి నుంచి పులి మీద పుట్రలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. బావమరిది ఒక చెయ్యీ, కుర్చీలాయన ఒక చెయ్యీ పట్టుకుని లాగారు. మనిషి రాలేదు, కుర్చీతో సహా ముగ్గురూ గది చివరిదాకా ఊగుతూ వెళ్ళారు. కోటు గుండీలు విప్పితే చేతులు బయటికొచ్చాయి. కోటు మాత్రం కుర్చీ వీపునే వేలాడుతూ ఉండిపోయింది. "సగం గెలిచాం సార్," అన్నాడు బావమరిది. "ఇదే పద్ధతిలో ప్యాంటు కూడా..."

"నోర్ముయ్!" అన్నాడు అధ్యక్షుడు.

"దుప్పటి ఇస్తాం సార్."

"నీ దుప్పటి తగలెయ్య!"

బావమరిది ఊరుకునే మనిషా? టర్పెంటైన్ సీసా తెచ్చి, కుంచెతో కూర్చున్న చోట అంచుల వెంబడి పూశాడు. అది వార్నిష్‌ని కరిగించిందో లేదో గానీ గుడ్డలోంచి లోపలికి దిగింది. అధ్యక్షుడు పెట్టిన కేకకి వీధిలో గొడుగులన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.

ఎదురు సెలూన్‌లో అప్పటికే వార్త వండి వార్చారు. అధ్యక్షుడికి కుర్చీ అంత నచ్చి లేవనంటున్నాడట అన్నది మొదటి ముక్క. అది గడ్డానికి సబ్బు రాసేలోపల, కుర్చీ ఊరికే ఇస్తేగానీ కదలనని కూర్చున్నాడట అయింది. గొరిగి పూర్తయ్యేసరికి, అవార్డు ఇస్తానని మాట ఇచ్చేదాకా వదిలేది లేదని కుర్చీలాయనే ఆయన్ని కుర్చీకి కట్టేశాడట అని తేలింది. కేక వినబడ్డాక ఇక ఎవరికీ అనుమానం లేదు. అందులో ఒకరు చక్కా వెళ్ళి మలుపులో ఉన్న పోలీసాయన్ని పిలుచుకొచ్చారు.

పోలీసాయన గుమ్మంలో నిలబడి గదంతా కలయజూశాడు. చీకటి గది. నడుమ కుర్చీలో చెమటలు కక్కుతున్న పెద్దమనిషి. పక్కన సీసా పట్టుకుని ఒకడు, కత్తి పట్టుకుని ఇంకొకడు. కుర్చీలాయన చేతిలోని కత్తి అల్లిక కోసి చూద్దామని తీసుకున్నదే గానీ, ఆ సంగతి దాని మీద రాసి లేదు.

"ఎవర్ని కట్టేశారు?" అన్నాడు పోలీసాయన.

"ఎవర్నీ కట్టెయ్యలేదండీ బాబూ," అన్నాడు కుర్చీలాయన ఏడుపు గొంతుతో. "ఆయనే అంటుకున్నారు."

"తనంతట తనే?"

"కళాభిమానం సార్," అన్నాడు బావమరిది.

"నువ్వు పక్కకి రా," అన్నాడు పోలీసాయన. బావమరిది పక్కకి వెళ్ళాడు. ఆ పొద్దున్న అతను ఆ గదికి చేసిన మొదటి ఉపకారం అదే.

సభ్యురాలు కలగజేసుకుని ఉన్న విషయం చెప్పింది. పోలీసాయన నవ్వు ఆపుకోవడానికి మీసం తడుముకుంటూ నిలబడ్డాడు. "అయితే అల్లిక విప్పెయ్యండి. మీరు అల్లిందేగా?" అన్నాడు అధ్యక్షుడు. కుర్చీలాయన కత్తితో కుర్చీ కిందికి దూరాడు. తలెత్తి చూస్తే పట్టీలు కన్నంలోంచి కన్నంలోకి పాకుతూ, ఒకదాని కింద ఒకటి దూరుతూ, ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ముగిశాయో అంతుపట్టలేదు. ఇన్నేళ్ళుగా తన కుర్చీ అని చెప్పుకున్నదాని అడుగున ఆయన కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడిలా దిక్కులు చూశాడు. ఎక్కడ కోసినా మొత్తం ఊడి పోగులవుతుందని భయం. కోయకపోతే ఈ మనిషి జీవితాంతం తమ ఇంట్లోనే ఉంటాడని భయం.

"ఏమయ్యా?" అన్నాడు పైనుంచి అధ్యక్షుడు.

"అల్లిక... అల్లిక విషయం మా ఆవిడ చూసుకుంటుంది లెండి," అంటూ కుర్చీలాయన బయటికి పాకి, దులుపుకుంటూ లేచి, జల్లులో వీధి దాటాడు.

సెలూన్‌లో ఆయన భార్య అద్దం ముందు ప్లాస్టిక్ కుర్చీలో తాపీగా కూర్చుని ఉంది. అద్దంలో ఎదురింటి గుమ్మం, లోపలి జనం కనిపిస్తున్నారు.

"కాస్త ఇంటికి రావాలి," అన్నాడు కుర్చీలాయన.

"నేనా? నేనొస్తే సంసారంలా కనిపిస్తుందేమోనండీ."

"అది కాదు. ఆయన అతుక్కుపోయాడు."

"చూస్తూనే ఉన్నాను. అద్దం కదా, అంతా తిరగబడి కనిపిస్తోంది. ఇక్కణ్ణుంచి చూస్తే మా తమ్ముడు కూడా తెలివైనవాడిలాగే ఉన్నాడు."

"వచ్చి అల్లిక విప్పు, నీకు పుణ్యముంటుంది."

"ఎవరి అల్లిక?"

సెలూన్ ఆయన చేతిలో కత్తెర ఆగింది. సగం గడ్డం మీద నురగతో ఉన్న మనిషి మెడ తిప్పాడు. కుర్చీలాయన గొంతు తగ్గించి, "నీ అల్లికే," అన్నాడు.

"వినపడలేదు. కత్తెర చప్పుడు."

"కత్తెర ఆపేశానమ్మా," అన్నాడు సెలూన్ ఆయన.

కుర్చీలాయన ఒకసారి వీధిలోకి చూశాడు. అక్కడ గొడుగుల కింద ఊరు సగం నిలబడి ఉంది. ఆయనకి చెవులు వేడెక్కాయి. వంచిన పేమైతే తను చెప్పిన చోట ఆగుతుంది. ఇది ఆగేలా లేదు.

"నీ అల్లికే!" అన్నాడు గట్టిగా. "పెళ్ళైన కాడి నుంచీ నీ అల్లికే! నాకు చట్రం తప్ప ఇంకోటి రాదు. చాలా?"

"చాలు," అంది ఆవిడ లేస్తూ. "అరవడం ఎందుకు, అందరూ వింటున్నారు."

ఆవిడ గదిలోకి రాగానే జనం దారి ఇచ్చారు. కొత్త బట్టలు నలుగుతాయని ముందు ఒక పాత చాప పరిపించింది. ట్యూబులైటు మళ్ళీ పెట్టించింది. తర్వాత వంకీ కత్తీ, చిన్న సుత్తీ తీసుకుని చాప మీద వెల్లకిలా పడుకుని కుర్చీ కిందికి జరిగింది.

"అమ్మా," అన్నాడు అధ్యక్షుడు వణుకుతూ, "కత్తి కాస్త జాగ్రత్త."

"కదలకండి. కదిలితే కన్ను తెగుతుంది."

"నా కన్నా?"

"అల్లిక కన్నండీ. మీకేమైనా అయితే సంఘం వాళ్ళు ఇంకో అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఈ రకం పేము మళ్ళీ దొరకదు."

అధ్యక్షుడు ఊపిరి బిగబట్టాడు. కింద టకటకమని చప్పుడు. అంచున పట్టీలని బిగించిన చెక్క చీలలు ఒక్కొక్కటే ఊడి చాప మీద రాలాయి. ఆవిడ చట్రం చుట్టూ వేలితో తడుముతూ, పట్టీలు కన్నంలోంచి కిందికి మడత పడిన చోటల్లా కత్తి మొనతో తెంపుతూ పోయింది. పోలీసాయన ఆఖరికి టోపీ తీసి చంకలో పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి చూస్తున్నాడు. కుర్చీలాయన చట్రం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆ పూట ఆయనకి అప్పగించిన పని అదొక్కటే.

"ఇప్పుడు లేవండి," అంది ఆవిడ కింది నుంచి.

అధ్యక్షుడు లేచాడు. నిజంగానే లేచాడు! వీధిలో జనం చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి తిరిగితే మాత్రం కూర్చునే చోటి అల్లిక యావత్తూ, అంచు చెదరకుండా, ఒక్క కన్ను తెగకుండా, పళ్ళెమంత పటంలా ఆయన ప్యాంటుకి అతుక్కుని వచ్చేసింది. సెలూన్ ఆయన జాలిపడి తన తెల్లగుడ్డ ఒకటి ఇచ్చాడు. అధ్యక్షుడు దాన్ని నడుముకి చుట్టుకోబోతుంటే సభ్యురాలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. కప్పకండి."

భూతద్దం తీసి, ఆయన వెనక ఒంగి, చాలాసేపు చూసింది. "ఇంత లాగినా ఒక్క వరస జారలేదే! ముడులెక్కడ?"

"చట్రం అంచు కిందే ఉండిపోయాయండీ," అంది కుర్చీలాయన భార్య చేతులు తుడుచుకుంటూ. "కూర్చునే చోట ముడి ఉంటే కూర్చున్నవాడు మనల్ని తిట్టుకుంటాడు."

"ఈయన తిట్టుకోలేదా?"

"అది ముడి వల్ల కాదండీ. మా తమ్ముడి వల్ల."

వాళ్ళు వెళ్ళిపోయాక గది బోసిపోయింది. కుర్చీలాయన ఊగుడు కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. నడుమ ఏమీ లేని చట్రంలోంచి కింద నేల కనిపిస్తోంది. మంచి చట్రమే. అయినా దాని మీద పిల్లి కూడా కూర్చోలేదు. వీపు మీద మీగడ రంగు కోటు ఇంకా వేలాడుతూనే ఉంది.

"అంతా పోయింది," అన్నాడు. "అవార్డు సరే, వీధిలో తలెత్తుకునే దారి కూడా పోయింది."

భార్య వచ్చి పక్కన కూర్చుంది. చట్రం అంచుని అరచేత్తో ఒకసారి నిమిరింది. "అంత మనిషి అంతసేపు గింజుకున్నా ఎక్కడా వంకర పోలేదు," అంది. "ఇంకోడి చట్రమైతే ఈపాటికి విరిగి పొయ్యిలోకి వెళ్ళేది."

కుర్చీలాయన లేచి నిలబడ్డాడు. "కాఫీ పెట్టనా?" అన్నాడు. ఆ ఇంట్లో ఆయన ఆ మాట అనడం అంతకు ముందెప్పుడూ ఎవరూ వినలేదు. ఆవిడ ఆశ్చర్యపోయి, "పంచదార ఎక్కడుందో తెలుసా?" అని అడిగింది. తెలియదు. ఇద్దరూ కలిసే వంటింట్లోకి వెళ్ళారు.

అక్కడ అధ్యక్షుడి తిప్పలు తీరలేదు. ఎంపిక సమావేశం ఆ మధ్యాహ్నమే. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. నడుముకి సెలూన్ గుడ్డతో సభలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని నిలబడి, ఎవరెంత మర్యాద చేసినా కూర్చోనన్నాడు. ఎందుకూ అని తోటి సభ్యులు అడిగారు. ఆయన చెప్పలేదు. సభ్యురాలు చెప్పింది. అందరూ చూస్తామన్నారు. చాలాసేపు బతిమాలించుకుని ఆయన గోడ వైపు తిరిగాడు. ఒకరు మీటి చూశారు. ఒకరు కళ్ళు కొలిచారు. ఒకరు గోటితో అంచు పట్టుకుని లాగి చూసి, "అబ్బే, రావట్లేదు," అన్నారు. ఏ పోటీదారు పనినీ ఆ సంఘం అంత దగ్గరగా, అంత తీరుబడిగా పరిశీలించిన దాఖలా లేదు. తీర్మానం ఏకగ్రీవమైంది. అధ్యక్షుడు కూడా చెయ్యెత్తాడు, మొహం గోడ వైపు ఉండటం వల్ల ఏ భావంతో ఎత్తాడో తెలియలేదు.

కొన్నాళ్ళకి ఫోను మోగింది. కుర్చీలాయన ఎత్తాడు.

"ఈ ఏటి ఉత్తమ కళాకారుల సన్మానానికి మీ ఇంటినే ఎంచుకున్నాం. అభినందనలు చెప్పండి," అంది సభ్యురాలి గొంతు.

"అభినందనలు... నేను చెప్పడమేంటండీ? ఎవరికి?"

"మీ ఆవిడకి."

కుర్చీలాయన ఫోను పెట్టేసి గుమ్మంలోకి వెళ్ళి, ఎదురు సెలూన్ దాకా వినిపించేట్టు భార్యని పిలిచాడు. ఈసారి గొంతు తగ్గించాలన్న ఆలోచన రాలేదు.

సన్మానం రోజున హాలు నిండా జనం. దువ్వెనలాయనా, గంటలు పోసేవాళ్ళూ, బొమ్మలు చెక్కేవాళ్ళూ ముందు వరుసలో ఉన్నారు. కుర్చీలాయన భార్య వేదిక ఎక్కి పతకం అందుకుంది. నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆవిడ మైకు వైపు చూసి, "ఇదెంత దూరం వినిపిస్తుంది?" అని అడిగింది. హాలంతా నవ్వింది. "కన్నం సూటిగా లేకపోతే నా పట్టీ సూటిగా రాదండీ," అంది ఆవిడ. "మా ఆయన కన్నాలు వంకర పోవు. ఆయన చట్రం లేకపోతే నేను అల్లేది చాపలే. చాపల మీద ఎవరూ ఊగరు." అని చటుక్కున దిగిపోయింది. జనం చప్పట్లు కొడుతుంటే కుర్చీలాయనకి ఏ సాధనా లేకుండానే తల వంగింది.

పక్క సీట్లో బావమరిది కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"ఆ రోజు నేను ఫ్యాను దింపకపోతే, కుర్చీలు తీయించకపోతే, ఆ వార్నిష్ పూయకపోతే, ఇవాళ అక్క ఆ వేదిక మీద ఉండేదా బావా? నువ్వే చెప్పు."

కుర్చీలాయన సభ ముగిసేదాకా ఆలోచించాడు గానీ, కాదనడానికి ఒక్క ముక్కా దొరకలేదు.